గండం మోసే పిల్లను రాయడం: గోదావరి లంకల కథకు కథానాయిక వ్యక్తిత్వం కట్టే పద్ధతి

ప్రాణగండం నెత్తిన పెట్టుకుని పుట్టిన అమ్మాయి కథ రాయడానికి కూర్చున్నవాళ్ళలో చాలామంది ముందు గండాన్ని రాసుకుంటారు. శాపమా, జోస్యమా, అవతారమా అన్నది తేల్చుకుని, ఆ తర్వాత దాని కింద నిలబెట్టడానికి ఒక పిల్లను వెతుకుతారు. అలా దొరికిన పిల్లకు కోపం, దిగులు, ధైర్యం అన్నీ గండం గురించే ఉంటాయి. ఆమెకు ఇష్టమైన కూర ఏదని అడిగితే రచయిత దగ్గర సమాధానం ఉండదు. ఇరవై పేజీలు గడిచేసరికి పాఠకుడికి ఆమె మీద జాలి తప్ప ఇంకేమీ మిగలదు, జాలి మీద నవల నడవదు.

కాబట్టి వరస మార్చండి. ముందు పిల్ల, తర్వాత ఊరు, ఆ తర్వాతే గండం. ఉదాహరణకు ఒక కల్పిత పాత్రను తీసుకుందాం. పేరు వరాలు. గోదావరి వశిష్ఠ పాయలో ఒక చిన్న లంక (నది మధ్య దీవి), పదిహేను దాటిన వయసు, తండ్రి రేవులో పడవ దాటించే మనిషి.

1. గండం లేని ఒక రోజు రాయండి

అచ్చుకు వెళ్ళని నాలుగు పేజీలు ఇవి. పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునే దాకా ఆమె ఏం చేస్తుందో రాయాలి. జాతకం మాట ఒక్కసారి కూడా రాకూడదు. ఈ నాలుగు పేజీలు రాయలేకపోతే ఆ పాత్ర ఇంకా పుట్టలేదని అర్థం.

మొదట చేతిపని తేల్చండి. డెల్టాలో ఆ వయసు పిల్ల చేతులు ఖాళీగా ఉండవు. లంకలో అయితే పశువులకు గడ్డి కోయడం, పాలు రేవుకు చేర్చడం. కొబ్బరితోటల ఊళ్ళో ఆకుల నుంచి ఈనెలు చీరి చీపుళ్ళు కట్టడం. సముద్రం వైపు అయితే రొయ్యల షెడ్డులో తలలు తీయడం. ఆత్రేయపురంలో అయితే పొయ్యి మీద బోర్లించిన కుండ ముందు పూతరేకుల పని. ఒక్కో పని శరీరాన్ని ఒక్కోలా మారుస్తుంది. ఈనెలు చీరే పిల్లకు బొటనవేలి మీద గీతలు పడతాయి. రొయ్యలు ఒలిచే పిల్ల వేళ్ళు తడికి పాసిపోయి ఉంటాయి. వరాలుకు ఈనెల పని ఇద్దాం. కోపం వస్తే కత్తి వేగంగా ఆడుతుంది, దిగులొస్తే ఈనెకు ఆకు మిగిలిపోతుంది. ఇక ఆమె మనసులో ఏముందో మీరు విడిగా చెప్పక్కర్లేదు, కట్టిన చీపురు చెప్తుంది.

తర్వాత ఈ అయిదూ తేల్చండి: ఆమె బాగా చేసేది ఒకటి, ఎంత నేర్పినా రానిది ఒకటి, ఎవరిని చూస్తే కుళ్ళు, ఇంట్లో ఎవరితో దేనికి రోజూ గొడవ, ఎక్కడ ఏం దాచుకుంది. కుళ్ళు మాత్రం వదలొద్దు. మన కథానాయికలకు అన్నీ ఇచ్చి అసూయ ఒక్కటి ఇవ్వడం మర్చిపోతాం, అందుకే వాళ్ళు క్యాలెండర్ బొమ్మల్లా ఉంటారు. వరాలుకు తమ్ముడంటే ప్రాణం, వాడు రోజూ పడవెక్కి హైస్కూలుకు పోతాడని కుళ్ళు కూడా. రెండూ ఒకేసారి ఉండాలి.

2. గండాన్ని ఒకే వాక్యంలో పెట్టండి

“ఈమెకో భయంకరమైన భవిష్యత్తు ఉంది” అంటే ఏమీ చెప్పనట్టే. ఎవరు అన్నారు, ఏమని అన్నారు, ఎవరెవరు విన్నారు, ఎప్పటిదాకా అన్న నాలుగూ ఖాయం చేసుకోవాలి.

గోదావరి జిల్లాల్లో దీనికి కొత్త పురాణం కల్పించాల్సిన పని లేదు. సిద్ధాంతి జాతకం వేసి “జలగండం ఉంది, నీటి దగ్గర జాగ్రత్త” అనడం అందరూ విన్న మాటే. దాన్ని తెచ్చి చుట్టూ నీళ్ళున్న లంకలో పెడితే కథ దానంతట అదే మొదలవుతుంది. కానీ గండం ఆమె ఒక్కదానికే పరిమితమైతే ఊరు జాలిపడి ఊరుకుంటుంది. పక్కవాళ్ళకూ అంటుకునేలా మార్చండి. వరాలు పుట్టినప్పుడు సిద్ధాంతి అన్నమాట ఇది: “పదహారు నిండేదాకా ఈ పిల్ల ఎక్కిన పడవ ఒడ్డు చేరదు.”

ఈ వాక్యంలో ఏమేం ఉన్నాయో చూడండి. గడువు ఉంది కాబట్టి లెక్కపెట్టుకోవచ్చు. పడవ అంది కాబట్టి ఇతరుల ప్రాణాలూ ఇందులో ఉన్నాయి. తండ్రి బతుకుతెరువే పడవ కాబట్టి ఇంటి గుమ్మంలోకే వచ్చేసింది. అన్నిటికన్నా ముఖ్యం, మునుగుతుందని అనలేదు, ఒడ్డు చేరదని అంది. ఆ సందు చివర్లో పనికొస్తుంది. జోస్యంలో సందు మొదటి రోజే ఉండాలి. చివరి అధ్యాయంలో కొత్త అర్థం తెచ్చి అతికిస్తే పాఠకుడు మోసపోయానని అనుకుంటాడు, అది న్యాయమే.

పాత కథల దగ్గర నేర్చుకోవాల్సింది ఒకటుంది. గోదావరి సముద్రంలో కలిసే చోటున్న అంతర్వేది స్థలపురాణంలో రక్తవిలోచనుడనే రాక్షసుడి నెత్తుటి బొట్టు ఇసుకలో పడితే ప్రతి రేణువుకూ ఒక రాక్షసుడు పుడతాడు. అప్పుడు నరసింహస్వామి మాయాశక్తిని పిలుస్తాడు. ఆమె పని రాక్షసుణ్ణి చంపడం కాదు, నెత్తురు నేల తాకకుండా చూడటం. ఆమే అశ్వరూఢాంబిక, ఊరివాళ్ళకు గుర్రాలక్క. భీష్మ ఏకాదశి నాడు స్వామి రథం వెళ్ళి ఆమె గుడి దగ్గర చీర, సారె ఇస్తుంది. ఎంత బరువైన బాధ్యతో, ఎంత కచ్చితమైన పనో గమనించండి. “లోకాన్ని కాపాడు” అనే పని ఎవరూ చేయలేరు. “ఒక్క బొట్టు కింద పడకూడదు” అనే పని చేయొచ్చు, చేస్తున్నప్పుడు పాఠకుడు ఊపిరి బిగబట్టి చూడొచ్చు. మీ పిల్లకిచ్చే పని కూడా ఇంత చిన్నగా, ఇంత కచ్చితంగా ఉండాలి.

3. గండానికి రోజువారీ ఖరీదు కట్టండి

చాలా రాతప్రతులు చచ్చిపోయేది ఇక్కడ. గండం ఎప్పుడో రాబోయే పిడుగులా మబ్బుల్లో వేలాడుతుంది, ఈలోపు పిల్ల మామూలుగా తిరుగుతుంది. అలా కాదు. పదిహేనేళ్ళుగా అది ఆమె దగ్గర ఏమేం లాక్కుందో లెక్క తీయండి.

వరాలును పడవ ఎక్కనివ్వరు. లంకలో అయిదో తరగతి వరకే ఉంది, హైస్కూలు అవతలి గట్టున. ఎండాకాలం పాయలో నీరు తగ్గి ఇసుక మేటలు తేలాక నడిచి దాటొచ్చు. జూన్, జులైల్లో ఎర్రటి వరదనీరు వస్తే మళ్ళీ సంక్రాంతి దాటేదాకా దారి లేదు. అంటే ప్రతి ఏడూ ఆమె బడికి వెళ్ళేది చివరి మూడు నెలలే. ప్రతి పుస్తకంలోనూ వెనక పాఠాలే తెలుసు, ముందువి తెలియవు. లెక్కల్లో సూత్రం తెలియదు, దాన్ని వాడటం వచ్చు. చరిత్రలో యుద్ధం ఎలా ముగిసిందో తెలుసు, ఎందుకు మొదలైందో తెలియదు. ఈ ఒక్క వివరం నుంచి ఆమె స్వభావం సగం వచ్చేస్తుంది: కారణాలు అడగదు, ఉన్నదానితో పని కానిస్తుంది, తెలియదని ఒప్పుకోవడం నామోషీ.

ఇలాంటి ఖరీదులు మూడు చాలు. చదువు ఒకటి. అవతల మేనత్త కూతురి పెళ్ళికి ఇల్లంతా వెళ్తే తను ఒక్కతే పశువులతో ఉండిపోవడం ఇంకొకటి. మూడోది కనబడనిది కావాలి: జ్వరమొచ్చినా ఎవరికీ చెప్పదు, చెప్తే ఆసుపత్రికి పడవ మీద తీసుకెళ్ళాలా వద్దా అని ఇంట్లో గొడవ మొదలవుతుంది. పది ఖరీదులు పెడితే కష్టాల చిట్టా అవుతుంది.

4. భయాన్ని అలవాట్లలోకి మార్చండి

పుట్టినప్పటి నుంచి ఉన్న భయం ఏడిపించదు, అలవాటుగా మారిపోతుంది. వరాలు రేవు మెట్లు లెక్కపెడుతుంది, నీళ్ళు నిన్న ఎన్నో మెట్టు మీద ఉన్నాయో ఎప్పుడడిగినా చెప్తుంది. నీటి రంగు చూసి పైన వాన పడిందో లేదో చెప్తుంది. ఎవరైనా పడవెక్కుతుంటే ముఖం తిప్పుకుని ఏదో పని కల్పించుకుంటుంది. రాత్రిపూట ఎవరికీ తెలియకుండా తాటిదొప్ప పక్కన పెట్టుకుని ఈత నేర్చుకుంది. భయపడే పిల్లే ఊరందరికన్నా నీటిని బాగా చదవగలుగుతుంది. ఆమె సామర్థ్యం గండం లోంచే పుట్టాలి. హఠాత్తుగా దిగివచ్చే మహిమలు ఇక్కడ వద్దు.

ఆమె మనసులో గట్టిగా నాటుకున్న తప్పు నమ్మకం ఒకటి కావాలి. దాన్ని ఒక కాగితం మీద రాసి ఎదురుగా పెట్టుకోండి. వరాలుది: “నేను దూరంగా ఉంటే అందరూ బాగుంటారు.” ఆమె మంచితనమూ మొండితనమూ రెండూ ఇందులోంచే వస్తాయి. ఎవరినీ ఏదీ అడగదు, సాయం చేస్తామంటే కసురుతుంది. ప్రతి పెద్ద సన్నివేశం ఈ నమ్మకాన్ని బలపరచాలి, లేదా కదిలించాలి. రెండూ చేయని సన్నివేశం ఎంత అందంగా ఉన్నా తీసేయొచ్చు.

5. చుట్టూ ఉన్నవాళ్ళు

ఊరంతా ఒకేలా భయపడితే అది బృందగానం అవుతుంది. నలుగురు మనుషులు, నలుగురిదీ వేరే లెక్క.

మామ్మ పూర్తిగా నమ్ముతుంది. శని త్రయోదశికి మందపల్లి శనీశ్వరుడి గుడికి వెళ్ళి తైలాభిషేకం చేయించి వస్తుంది, ఆ నూనె ఖర్చు దగ్గర కొడుకుతో గొడవ. ఆమెను మూఢురాలిగా చూపించొద్దు. ఆమె భక్తి అంటే ప్రేమకు దొరికిన ఒకే ఒక్క పని. తల్లికి నమ్మకం లేదు, కానీ పరీక్షించే ధైర్యమూ లేదు. తండ్రి ఊరి పిల్లలందరినీ దాటిస్తాడు, కన్నకూతుర్ని మాత్రం ఎక్కించుకోడు, ఆ సంగతి ఎప్పుడూ ఎత్తడు. ఈ ముగ్గురిలో నవలకు ఆయువుపట్టు తండ్రి. అతను కూతురి గండాన్ని నమ్ముతున్నాడా లేదా అన్నది ముప్పాతిక వంతు కథ దాకా తేల్చకండి. నాలుగో మనిషి పక్కింటి పిన్ని, నోరు పెద్దది, వరాలు ఎదురొస్తే పడవ ప్రయాణం మానుకుంటుంది. ఆమె అవసరం చివర్లో వస్తుంది.

6. గోదారినే గడియారంగా వాడండి

డెల్టాలో కథ రాసేవాళ్ళకు దొరికిన వరం ఇది: ప్రమాదం అంకెల్లో వస్తుంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు నీటిమట్టం 11.75 అడుగులు, మొదటి హెచ్చరిక. 13 లక్షలకు 13.75 అడుగులు, రెండోది. 17 లక్షలకు 17.75 అడుగులు, మూడోది. అంతకుముందే భద్రాచలంలో 43, 48, 53 అడుగుల దగ్గర హెచ్చరికలు వెలువడతాయి. కాబట్టి లంకవాళ్ళు ఎప్పుడూ పైఊరి అంకె వింటూ తమ వంతు కోసం కాచుకుని ఉంటారు. గండమున్న పిల్లకు ఇంతకన్నా సరిపోయే కాలమానం లేదు.

హెచ్చరికలను కథ ఘట్టాలకు జత చేయండి. మొదటి హెచ్చరికలో ఆమె అలవాటు ప్రకారమే నడుస్తుంది: మెట్లు లెక్కపెడుతుంది, పశువులను గట్టుకు తోలుతుంది, అందరికన్నా ముందు సర్దుతుంది. రెండో హెచ్చరికలో ఇంట్లో దాచిన ఒక నిజం బయటపడుతుంది. తండ్రి మాట్లాడాల్సింది ఇప్పుడే. మూడో హెచ్చరికలో నిర్ణయం. ఆమె జన్మతిథికి ఇరవై రోజుల దూరంలో వరద పెట్టండి. గడువు మరీ దూరమైతే ఉత్కంఠ ఉండదు, మరీ రేపే అయితే నాటకంలా ఉంటుంది.

ఇక వరద గురించి తప్పులు. సినిమాల్లోలా గోడలా నీరు విరుచుకుపడటం లంకల్లో జరగదు. గోదారి చప్పుడు లేకుండా గంటగంటకూ పెరుగుతుంది. ముందు కాజ్‌వే మీదకు, తర్వాత పల్లపు చేలలోకి, వెనకవైపు నుంచి పెరట్లోకి వస్తుంది. ఎదురుగా గట్టు వైపు చూస్తూ కూర్చుంటే వెనక వంటింట్లో చెప్పులు తేలుతుంటాయి. పాములు, తేళ్ళు ఎత్తున్న చోటికి చేరతాయి, మనుషులున్న చోటే ఆ ఎత్తు కూడా. అమావాస్య, పౌర్ణమి పోటు తోడైతే సముద్రం వరదను తొందరగా తీసుకోదు, ఊళ్ళలో నీరు నిలిచిపోతుంది. తుఫాను వేరు: అది ఎక్కువగా అక్టోబరు, నవంబరుల మాట, గాలితో వస్తుంది, ఒక్క రాత్రిలో అయిపోతుంది. 1986 ఆగస్టు వరదను, 1996 నవంబరు 6 తుఫానును చూసిన పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. రెండింటినీ కలిపేసి రాస్తే మొదటి పేజీలోనే పట్టేస్తారు.

ఇంకొకటి ముందే నాటాలి: ఒడ్డు కోత. లంకల అంచులు ఏటేటా గోదాట్లోకి జారిపోతుంటాయి, గట్టంచున కొబ్బరిచెట్లు వేళ్ళు బయటపడి నీళ్ళ మీదకు వాలి ఉంటాయి. మొదటి అధ్యాయంలో రేవు పక్క చెట్టొకటి అలా వాలిపోనివ్వండి, మధ్యలో ఎక్కడో రెండు మెట్లు కూలిపోయినట్టు తండ్రి విసుక్కోనివ్వండి. రెండుసార్లు చాలు. ఎందుకో చెప్పకండి.

7. మాట

ఈ పిల్ల గండం గురించి ఎంత తక్కువ మాట్లాడితే అంత బరువు. తప్పుగా రాసింది ముందు చూడండి:

“నాన్నా, నా విధి నన్ను పిలుస్తోంది. దాన్ని ఎదుర్కొని తీరతాను.”

లంకలోనే కాదు, ఎక్కడా ఎవరూ ఇలా మాట్లాడరు. వరద రాత్రి మామ్మతో ఆమె మాట్లాడాల్సింది ఇలా (గెడ అంటే పడవను తోసే పొడవాటి కర్ర):

“మామ్మా, పడవెక్కు.”
“గెడ ఎవరేత్తారే?”
“ఇంకెవరేత్తారు? నాన్న అవతల ఉండిపోయాడు కదా.”
“పదహారు నిండలేదే నీకు.”
“ఇరవై రోజులే కదా. ఆగమని గోదారికి చెప్పు మరి.”

యాస మోతాదు దగ్గర చెయ్యి ఆపండి. ప్రతి వాక్యానికీ “ఆయ్” తగిలిస్తే పాత్ర నవ్వులపాలవుతుంది. ఆ “ఆయ్” పెద్దవాళ్ళకు బదులిచ్చేటప్పుడు వచ్చే మర్యాద, తమ్ముడితో అనేది కాదు. పిన్నితో “అండి” పెట్టి మాట్లాడుతుంది, మామ్మను “నువ్వు” అంటుంది, కోపమొస్తే తండ్రితో మాట్లాడటమే మానేస్తుంది. వాక్యం చివర క్రియ మార్చి యాస చూపించండి, అక్షరాలు విరిచి కాదు.

8. నిర్ణయం

తండ్రి మొదటి విడత జనాన్ని దాటించి అవతలే చిక్కుకుపోయాడు. లంకలో మిగిలింది చిన్న నాటుపడవ, మామ్మ, నిండు నెలల కోడలితో పక్కింటి పిన్ని. గెడ వేయగలిగింది వరాలు ఒక్కతే.

ఇక్కడ రాసేవాళ్ళు ఎక్కువగా చేసే పొరపాటు, ఆమె ధైర్యం చేసి పడవ తోస్తుందా లేదా అన్నదాన్ని ప్రశ్నగా పెట్టడం. ఆమె తోస్తుందని పాఠకుడికి మొదటి నుంచీ తెలుసు. అసలు ప్రశ్న, ఆమె ఉన్న పడవలోకి ఇంకెవరైనా ఎక్కుతారా? ఎక్కమని ఆమె అడగాలి. పుట్టి బుద్ధెరిగాక ఎవరినీ ఏదీ అడగని పిల్ల, తన ఎదురు వస్తే వెనక్కి తిరిగిపోయే ఆవిణ్ణి “ఎక్కండి పిన్నీ” అనాలి. తప్పు నమ్మకం విరిగేది ఆ రెండు మాటల దగ్గరే. సుడుల్లో పడవ నడపడం కన్నా ఈ సన్నివేశానికి ఎక్కువ పేజీలు ఇవ్వండి. పిన్ని వెంటనే ఎక్కకూడదు. ఒక పేజీ పాటు నీళ్ళు పెరగనివ్వండి.

తర్వాత ప్రయాణం. అవతల రేవు లేదు, కోసుకుపోయింది. మెట్లున్న చోట వడిగా పారే నీరు. పడవ ఒడ్డు చేరదు. జోస్యం అక్షరాలా జరిగింది. మునిగిన కొబ్బరితోటలోకి మళ్ళించి, చెట్టుకు మోకుతో కట్టి, తెల్లారేదాకా ఆ పడవను అక్కడే నిలబెట్టాలి. ఇప్పుడు ఆమె పని గుర్రాలక్క పనంత కచ్చితమైనది: నీరు పెరిగిన కొద్దీ మోకు సడలించాలి, తగ్గిన కొద్దీ బిగించాలి. బిగువుగా వదిలేస్తే పడవ ఒరిగి నీళ్ళు తాగుతుంది, వదులుగా వదిలేస్తే చెట్టుకు కొట్టుకుని పగులుతుంది. రాత్రంతా నిద్రపోకూడదు. మెట్లు లెక్కపెట్టే అలవాటు, చీపుళ్ళు కట్టిన వేళ్ళు, రెండూ ఇక్కడ పనికొస్తాయి. ఈ సమయంలో ఎవరో యువకుడు లాంచీలో వచ్చి కాపాడితే మీరు ఇప్పటిదాకా రాసిందంతా వరదపాలే.

పడవలో అందరూ బతకొచ్చు. కానీ ఏదో ఒకటి శాశ్వతంగా పోవాలి: ఇల్లున్న నేలే గోదాట్లో కలిసిపోవడం దీనికి సహజం. ఇంకో చిక్కు కూడా ఉంది, అది పోవడం కన్నా కష్టం. నిన్నటిదాకా ఎదురొస్తే తిరిగిపోయినవాళ్ళు రేపు పసుపు కుంకుమలతో వస్తారు. అర్ధాయుష్షుతో పోయిన ఆడవాళ్ళను పేరంటాలుగా కొలిచిన నేల ఇది, బతికున్న పిల్లను కూడా మొక్కులపాలు చేయడానికి ఎంతోసేపు పట్టదు. వరాలు దాన్ని ఒప్పుకుంటుందా, కసురుతుందా అన్నది మొదటి నాలుగు పేజీల్లో మీరు రాసుకున్న పిల్లనే అడగండి.

9. దిద్దుబాటు

మొత్తం అయ్యాక రెండు వారాలు పక్కన పెట్టి, తర్వాత ఈ వరసలో చదవండి.

జోస్యం పూర్తి వాక్యంగా ఎన్నిసార్లు వచ్చిందో చూడండి. రెండు వందల పేజీలకు ఒక్కసారి చాలు. మిగతా చోట్ల జనం దాన్ని తప్పుగా చెప్పాలి: ఒకరు “మునుగుతుందట” అంటారు, ఒకరు “ఆ పిల్ల నీళ్ళు ముడితే చాలట” అంటారు. జోస్యం అర్థాన్ని మరుగుపరిచేది ఆ తప్పులే.

“విధి”, “తలరాత”, “శాపం” అన్న మాటలు కథకుడి గొంతులో ఉంటే కొట్టేయండి. మామ్మ నోట ఉంటే ఉంచండి.

ఆమె నవ్విన చోట్లు గుర్తు పెట్టండి. యాభై పేజీల్లో ఒక్కటి కూడా లేకపోతే గండం పిల్లను మింగేసింది. తమ్ముడితో ఒక గొడవ సన్నివేశం పెంచండి, అన్నం దగ్గరదైతే మంచిది.

తండ్రి మాటలన్నీ విడిగా ఒక కాగితం మీద రాసి వరసగా చదవండి. అవి ఒక పేజీ దాటితే ఎక్కువైనట్టే. రెండో హెచ్చరిక రాత్రి అతను మాట్లాడే నాలుగు వాక్యాలు మినహా మిగతావాటిలో సగం తీసేసి, వాటి చోట అతని చేతికి పని ఇవ్వండి: పడవకు తారు పూయడం, గెడ నునుపు చేయడం, మోకు పేనడం.

చివరగా, వరద అధ్యాయాలను లంకలో పుట్టిన మనిషికి చదివి వినిపించండి. కథ బాగుందా అని అడగొద్దు. నీళ్ళు ముందు ఎటువైపు నుంచి వస్తాయి, పశువులను ఏ గంటకు తోలతారు, గట్టు మీద పొయ్యి ఎలా రాజేస్తారు అని అడగండి. వాళ్ళు కాదన్న చోటల్లా సన్నివేశం మార్చాలి, వాక్యం కాదు.